మంత్రాల నెపం

గోదారి ఇరుగట్లు – 17వ భాగం

కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లా పేజీలు చదివే అలవాటున్న వాళ్లకు ఈ మాట కొత్త కాదు: 'మంత్రాల నెపంతో'. దాని వెనక దాడి అనో, హత్య అనో, వెలి అనో వస్తుంది. విలేకరి ఎవరైనా, పత్రిక ఏదైనా ఆ మాట మాత్రం మారదు. మారేవి ఊరి పేరు, మనిషి పేరు. దీన్ని మొదట వాడిన విలేకరి ఎవరో గానీ తెలివైనవాడు. మంత్రాలున్నాయని ఒప్పుకోకుండానే చంపినవాళ్లు చెప్పుకునే కారణాన్ని చెప్పేశాడు.

ఆ నెపం మన ఊళ్లలోకి ఎట్లా వచ్చిందో తెలియాలంటే ముందు దయ్యాల సంగతి చూడాలి. దయ్యాలంటే భయం ఎప్పటినుంచో ఉంది. ఆ భయంతో పొరుగింటాయన పళ్లు రాలగొట్టడం వేరే సంగతి. ఈ రెంటికీ నడుమ ఉన్న దూరమే ఈ వారం కథ.

ఇంగ్లీషు దొరలూ, వాళ్ల పద్ధతిలో రాసిన నిజాం అధికారులూ మన ఊళ్లను కాగితం మీదికి ఎక్కించినప్పుడు దయ్యాలన్నిటినీ ఒకే గంపలో వేశారు. 1901 జనగణనలో మతం గడిలో 'ఎనిమిస్టు' అనే మాట ఉండేది. గోండులు, కోలాములు చాలామంది అందులో పడ్డారు. 1920లో బొంబాయిలో అచ్చయిన సయ్యద్ సిరాజుల్ హసన్ గ్రంథం నిజాం రాజ్యంలోని కులాలనూ తెగలనూ వరుసగా వర్ణించుకుంటూ పోతుంది. పెళ్లి ఎట్లా చేస్తారు, చస్తే పూడ్చుతారా కాలుస్తారా, ఏ దేవుణ్ని కొలుస్తారు అని. రోగమొస్తే దుష్టశక్తుల పనేనని నమ్ముతారన్న తీరు వాక్యం అందులో మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. ఎవరి దుష్టశక్తి, ఎక్కడుంటుంది, ఎందుకొచ్చింది, ఏమిస్తే పోతుంది అన్నవి ఊళ్లో మొదట అడిగే ప్రశ్నలు. పుస్తకంలో వాటికి అంత చోటు దొరకలేదు.

'డీమన్' అన్న ఇంగ్లీషు మాటకూ ఒకప్పుడు ఇంత చెడ్డపేరు లేదు. దానికి మూలమైన గ్రీకు 'డైమోన్' మంచీ చెడూ రెండూ చేయగల చిన్న దేవత. తప్పు పని చేయబోతుంటే తనను లోపలినుంచి ఏదో దైవసంకేతం ఆపుతుందని సోక్రటీసు చెప్పుకున్నది ఈ కుదురుకు చెందినదాని గురించే. క్రైస్తవం పెరిగాక పాత దేవతలంతా దుష్టుల జాబితాలో చేరారు. మన దయ్యానిదీ దాదాపు ఇదే జాతకం. దైవానికి తద్భవం దయ్యం. పాత కావ్యాల్లో దేవుడు, విధి అన్న అర్థాల్లో కనిపించే ఆ మాట తర్వాత చింతచెట్టెక్కి కూచుంది. మిషనరీల కాలంలో తెలుగు బైబిలు 'డీమన్'కు దయ్యాన్నే తీసుకుంది గానీ, 'డెవిల్' దగ్గర 'అపవాది' అని రాసింది. గ్రీకులో ఆ మాటకు అర్థం చాడీలు చెప్పేవాడనే. లేనిపోని నింద వేసేవాడే అసలు సైతానన్న మాట.

వాడుకలో దయ్యాలు మనకు బాగా మచ్చికైన జంతువులు. పిల్లగాడు ఇల్లు పీకి పందిరేస్తే 'సైతాన్ గాడు'. ఉర్దూ మనకిచ్చిన ముద్దు మాటల్లో ఇదొకటి. కోడలు మూతి ముడుచుకుంటే 'దయ్యం పట్టిందా ఏంది', అప్పులోడు చివరి కిస్తు తీసుకుని పోతే 'పీడ వదిలింది', లంచాలు మేసే ఆఫీసరు నీతులు చెబుతుంటే 'దయ్యాలు వేదాలు చదివినట్టు'. ముసలాయన పేపరు చదవాలంటే భూతద్దం కావాలి. రోజుకు పదిసార్లు తలుచుకునేదాన్ని చూసి జనం వణికిపోతూ బతికారంటే నమ్మడం కష్టం.

భయం లేదని కాదు. దానికి హద్దులుండేవి. కరీంనగర్ పల్లెల్లో దయ్యమంటే ఎక్కువగా మనవాళ్లే, చచ్చిపోయిన మనవాళ్లు. ఉరేసుకున్నవాడు, బాయిలో పడ్డది, పురిట్లో పోయిన బాలింత, పెళ్లి కాకుండా పోయిన పడుచుపిల్ల. ఆశ తీరకుండా పోయారు గనక అడగడానికి వస్తారు. అడిగింది పెడితే పోతారు. వాళ్లకు చోటు కూడా ఉంది. ఫలానా చింతచెట్టు, ఫలానా పాడుబడ్డ బాయి, వాగు మలుపు. అక్కణ్నుంచి పొద్దుగూకినంక ఒంటరిగా రావొద్దంటారు. అంటే మిగతా తోవలన్నీ నిర్భయంగా నడవొచ్చు. చెరువు కింది పొలాల్లో రాత్రిపూట మినుకుమినుకుమనే వెలుగుకు కొరివి దయ్యమని పేరు. 1776లో ఇటలీ దేశపు వోల్టా మజ్జోరే సరస్సు బురదను కెలికి, బుడగలుగా పైకొచ్చిన గాలిని పట్టి, అంటుకునే మీథేన్‌ను కనిపెట్టాడు. కొరివి దయ్యాలకు ఇలాంటి బురదగాలే కారణమని అప్పటినుంచి చెబుతున్నారు. చెరువులకు లోటులేని మన జిల్లాలో కొరివి దయ్యాలకూ లోటుండకపోవడం సహజమే.

తెల్లారి మూడు బాటలు కలిసేచోట చూస్తే ఈ లెక్కాచారం కళ్లకు కడుతుంది. విస్తరాకు మీద పసుపు కలిపిన బియ్యం, సగానికి కోసి కుంకుమ అద్దిన నిమ్మకాయ, కొంచెం బొగ్గు, ఎండు మిరపకాయలు, పక్కన పలిగిన చిన్న మంటికుండ. మంట్లో ఎర్రనీళ్ల మరక. రాత్రి ఎవరింట్లోనో పిల్లకు జ్వరమొస్తే తలచుట్టూ తిప్పి దిగదీసి, వెనక్కి చూడకుండా ఇక్కడ పారబోసి పోయారు. ఆ ఎర్రనీళ్లు పసుపు, సున్నం కలిపినవి. పసుపుకు సున్నపు క్షారం తగిలితే నెత్తురు రంగు తిరుగుతుందన్న రసాయనశాస్త్రం మన ఆడవాళ్ల చేతుల్లో ఎన్నో తరాలనుంచి ఉంది. సోకింది గాలి. ఆ గాలిని ఇంట్లోనుంచి తీసి బాటమీద పెట్టారు. అంతటితో సరి. ఎవరు పంపారని అడిగినవాళ్లు లేరు.

ఇంటివల్ల కాకపోతే ఊరు పూనుకునేది. బొడ్రాయి దగ్గర కొలుపులు, పొలిమేర చుట్టూ పొలి చల్లుడు, పోచమ్మకు బోనం, కట్టమీద మైసమ్మకు యాట. బైండ్లవాళ్లు జమిడిక వాయించి పిలిస్తే శివసత్తులకు పూనకం వచ్చేది. పూనినది పేరు చెప్పేది, కోరిక చెప్పేది, ఊరు విని మొక్కు ఒప్పుకునేది. ఇంకా లొంగనివి కొండగట్టుకు చేరేవి. మల్యాల మండలం ముత్యంపేట దగ్గరి ఆ గుట్టమీద అంజన్న సన్నిధిలో నలభై రోజులుంటే గాలి, ధూళి, మతిచలనం అన్నీ పోతాయని నమ్మకం. ధర్మపురిలో నరసింహస్వామి గుడి ఆవరణలోనే యమధర్మరాజుకు గుడి ఉంది. అక్కడ గండదీపంలో నూనె పోస్తే ప్రాణగండం తప్పుతుందంటారు. బేస్తారం నాడు దర్గాకు పోయి లోబాను పొగ పట్టించి తాయత్తు కట్టించుకునేవాళ్లలో హిందువులకేం తక్కువ లేదు. వేములవాడ రాజన్న గుడి ఆవరణలోనే దర్గా ఉన్న జిల్లా మనది.

వీటిలో జబ్బు కుదిరిందెంత, కాలం కుదిర్చిందెంత అన్నది వైద్యులు తేల్చాల్సిన లెక్క. మతిచలనాన్ని గుళ్లకూ దర్గాలకూ వదిలేస్తే ఏమవుతుందో 2001 ఆగస్టులో తమిళనాడు ఎర్వాడి చూపించింది. గొలుసులతో కట్టేసిన 28 మంది మంటల్లో కాలిపోయారు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ఏ రూపంలోనైనా గొలుసు వేయడాన్ని నిషేధించింది. ఈ పాత ఏర్పాటును నేను మెచ్చుకోవడం లేదు. అందులో ముద్దాయి ఎప్పుడూ చచ్చినవాడేనన్న సంగతి మాత్రం గుర్తుపెట్టుకోండి.

ఇక గోదారి దాటుదాం.

1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగాక గోండుల అశాంతికి కారణం ఏమిటో తెలుసుకోవాల్సిన పని నిజాం ప్రభుత్వానికి పడింది. అట్లా ఆదిలాబాద్ అడవుల్లోకి వచ్చిన ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ మార్లవాయిలో మకాం పెట్టాడు. 1948లో వచ్చిన 'ది రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్' పుస్తకంలో గోండుల పురాణాలనూ పూజలనూ రాశాడు. భార్య బెట్టీ ఎలిజబెత్ సమాధి మార్లవాయిలోనే ఉంది. అంతకుముందు అధికారులు ఒకే గంపలో వేసిన వాటిని విడదీసి, ఒక్కొక్కదాన్ని దాని పేరుతో పిలవడం ఆయన చేసిన పెద్ద పని.

గోండుల లెక్కలో మనిషికి రెండు ఉంటాయి. ఒకటి జీవ్. అది దేవుడిచ్చింది, దేవుడి దగ్గరికే తిరిగిపోతుంది, ఇంకో కడుపున పుడుతుంది. రెండోది సనాల్, అంటే ఫలానా మనిషిగా బతికిన మనిషి. చచ్చినంక పేరుపెట్టి పిలిచేది, బువ్వ పెట్టేది సనాల్‌కే. కర్మకాండ సరిగ్గా జరిగితే ఆ సనాల్ కులపెద్దల్లో, వంశదేవత పెర్సాపేన్ సన్నిధిలో కలిసిపోతుంది. గోండుల గాయకుడైన ప్రధాన్ కింగ్రీ వాయిస్తూ వంశగాథ పాడేది అందుకే. పోయినవాళ్లను తీసుకుపోయి వాళ్ల చోట కూచోబెట్టే పని అది. ఊరి బయట చెట్టుకింద కాపలాకు అకిపేన్ ఉంటాడు. దేవారి ఆయనకు పూజ చేస్తాడు. ఏదైనా తేడా వస్తే భక్తాల్ పూనకంలో కారణం చెబుతాడు. గోండులు తమకంటే ముందునుంచి ఆ నేలమీద ఉన్న కోలాములను కొన్ని అటవీ దేవతల పూజకు పిలుచుకుంటారు. సంపదలో వెనకబడ్డవాళ్లకు ఈ విషయంలో పెద్దరికం దక్కింది. ఇక్కడ కొంచెం ఆగాలి. ఆ పెద్దరికం రెండువైపులా పదునున్న కత్తి. పూజ చేసి తోలగలిగినవాడు పూజ చేసి పంపగలడు కూడా అన్న అనుమానం దాని వెన్నంటే ఉంటుంది.

గోండుల దగ్గర భేతాళుడి సంగతి ఇంకా చూడదగ్గది. మనకు భేతాళుడంటే చందమామ. శంకర్ బొమ్మలో కత్తి పట్టిన విక్రముడు, భుజాన శవం. ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో పుష్య అమావాస్యకు మొదలయ్యే నాగోబా జాతర చివర్లో ఆయన తీరే వేరు. మెస్రం వంశస్థులు గోదారినుంచి కాలినడకన జలం తెచ్చి నాగోబాకు అభిషేకం చేస్తారు. కొత్త కోడళ్లను దేవుడికి పరిచయం చేసే భేటింగ్ జరుగుతుంది. అన్నీ అయ్యాక భేతాళ పూజ. తలపాగాలు చుట్టిన ముసలివాళ్లు, పొద్దున కర్ర ఊతం లేకుండా లేవని వాళ్లు కూడా, భేతాళుడు పూని పొడుగాటి కర్రలు తిప్పుతూ గాల్లోకి ఎగిరెగిరి దుముకుతారు. డోలు హోరెత్తుతుంది. పక్కన నిలబడ్డ మనవళ్లు వాళ్లు పడిపోకుండా చూసుకుంటారు, ఫోన్లలో వీడియోలూ తీసుకుంటారు. ఇంగ్లీషు నిఘంటువులో ఈయన కచ్చితంగా డీమనే. కేస్లాపూర్‌లో ఈయన వచ్చిపోతేనే జాతర ముగిసినట్టు. మహారాష్ట్ర పల్లెల్లో, గోవాలో కూడా భేతాళుడు ఊరికాపరి.

గోదారికి ఇవతలైనా అవతలైనా పాత ఏర్పాటు స్థూలంగా ఇది. ఆపద వచ్చింది, దాని వెనక చచ్చినవాళ్లో దేవతలో ఉన్నారు, వాళ్లకు ఇవ్వాల్సింది ఇద్దాం. ఖర్చు ఒక కోడి, ఒక మేక, మహా అయితే అప్పుచేసి ఒక జాతర.

బాణామతి ఈ లెక్కను తలకిందులు చేసింది.

ఆ మాట విస్తరించిన నేలను చూస్తే ఒక సంగతి తడుతుంది. మరాఠ్వాడాలో, బీదర్, గుల్బర్గా వైపు భానామతి అంటారు. మన వైపు బాణామతి. ఈ మూడు ప్రాంతాలూ పాత నిజాం రాజ్యంలోవే. కోస్తాలో దాదాపు ఇదే పనికి చిల్లంగి అని వేరే పేరుంది. ఇళ్లమీద రాళ్లు పడతాయి, పెట్టెలో బట్టలు అంటుకుంటాయి, అన్నంలో వెంట్రుకలు వస్తాయి, ఆడవాళ్లు ఉన్నట్టుండి మొరుగుతారు, వంటిమీద ముల్లుతో గీసినట్టు గీతలు పడతాయి. ఇవన్నీ చచ్చినవాళ్లు చేసేవి కావు. బతికున్న మనిషి ఒకడు పగబట్టి చేయిస్తున్నాడని నమ్మకం. చేతబడిలోనూ అంతే. వెంట్రుకో, గోరో, అడుగు కింది మట్టో తీసుకుపోయి చేస్తాడు. చేసినవాడు ఊళ్లోనే ఉన్నాడు గనక వాణ్ని పట్టుకోవాలి. పూజ పని అక్కడితో ముగిసి వేట మొదలవుతుంది.

వేటకు దారి చూపేది భూతవైద్యుడు. ఆయన పేరు చెప్పడు. అంత అమాయకుడైతే ఆ వృత్తిలో నిలబడలేడు. 'మీ ఇంటికి తూర్పున ఉంటాడు, నల్లగుంటాడు, మీ ఉప్పు తిన్నోడే' అంటాడు. అంతే చాలు. తూర్పున పదిళ్లున్నా పొలం గెట్టు తగాదా ఉన్నది ఒక ఇంటితోనే. అప్పు బాకీ ఉన్నది ఒక ముసలాయనకే. సంబంధం చెడగొట్టిందని కోపమున్నది ఒక ఒంటరి ఆడదానిమీదే. తేలుకాటుకు పసరు పోసే మనిషి, దిష్టి తీయడం వచ్చిన మనిషి అయితే ఇంకా సులువు. నిన్నటిదాకా వైద్యం చేయించుకున్నదాన్నే సాక్ష్యంగా చూపిస్తారు. ఇక పంచాయితీ. పళ్లూడగొడితే మంత్రం సరిగా పలకదని, పలకకపోతే పారదని నమ్మకం. అందుకే ఈ ప్రాంతపు కేసుల్లో పట్టకారుతో పళ్లు పీకడం పదేపదే కనిపిస్తుంది. బతికినవాళ్లు బోసినోటితో ఊరు విడిచి పట్నం చేరారు.

ఇదంతా రోగాల సీజనుతో ముడిపడి ఉంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. ఇదే నిజాం రాజ్యంలోనే. ఆ సంగతి ఆదిలాబాద్ గూడేలకు మందు రూపంలో చేరడానికి పట్టిన కాలం తరాల్లో లెక్కపెట్టాలి. వానలు మొదలైతే ఏజెన్సీలో జ్వరాలు, విరేచనాలు. జ్వరం రోజు విడిచి రోజు, ఒకే వేళకు, చలితో వణికిస్తూ వస్తుంటే ఎవరో వేళ చూసుకుని పంపుతున్నట్టే ఉంటుంది. తలకెక్కిన మలేరియాలో మనిషి పిచ్చిమాటలు మాట్లాడతాడు, ఫిట్స్ వస్తాయి. ఒకే ఇంట్లో ఇద్దరు పిల్లలు వారం తేడాతో పోతే తల్లికి కారణం కావాలి. వాగు పొంగి ఆస్పత్రి అందని ఊళ్లో కారణం చెప్పే మనిషి ఒక్కడే దొరుకుతాడు, రాత్రయినా తలుపు తీస్తాడు. డాక్టరు దొరకని లోటు కంటే కారణం చెప్పేవాడు దొరకని లోటు పెద్దదేమో అనిపిస్తుంది నాకు.

1988లో పుట్టిన జన విజ్ఞాన వేదిక లాంటి సంఘాల కార్యకర్తలు, పోలీసు కళాబృందాలు ఊరూరా తిరిగి ఈ గారడీల గుట్టు విప్పుతూ వచ్చారు. పొటాషియం పర్మాంగనేటు మీద గ్లిజరిన్ చుక్కలేస్తే కాసేపటికి అగ్గిపుల్ల లేకుండానే మంట లేస్తుంది. పెట్టెలో బట్టలు తమంతట తాము అంటుకునే కథకు అంతకంటే జవాబు అక్కర్లేదు. పిల్లలు చప్పట్లు కొడతారు. పెద్దవాళ్లు అరుగుమీద కూచుని, 'మంట సంగతి సరే, మా బర్రె ఎందుకు ఎండిపోయినట్టు?' అని అడుగుతారు. ప్రదర్శన అయిపోయాక పశువుల డాక్టరు కూడా వస్తే బాగుండేది.

2022 జనవరిలో జగిత్యాల పట్టణం టీఆర్ నగర్‌లో కులసంఘం సమావేశం నడుస్తుండగా తండ్రినీ ఇద్దరు కొడుకులనూ కత్తులతో పొడిచి చంపారు. మర్నాడు పేపర్లలో అదే మాట, మంత్రాల నెపం. జగిత్యాల మారుమూల గూడెం కాదు. ఆస్పత్రులు, కాలేజీలు ఉన్న ఊరు, అప్పటికే జిల్లా కేంద్రం.

చంపాక శిక్షించడానికి చట్టాలున్నాయి. పేచీ అంతకు ముందరి దశతోనే. నువ్వు మంత్రగాడివని పదిమందిలో అనడం, ఇంటికి నిప్పూ నీళ్లూ ఆపడం, పసుపునీళ్లు పోసి ప్రమాణం చేయించడం, ఊరొదిలి పొమ్మనడం. చంపడానికి వారాల ముందు, ఒక్కోసారి నెలల ముందు ఇవన్నీ బహిరంగంగా జరుగుతాయి. బిహార్ 1999లోనే దీనిమీద చట్టం చేసింది. మన చుట్టూ చూసినా ఛత్తీస్‌గఢ్ 2005లో, కర్ణాటక 2017లో చేసుకున్నాయి. మహారాష్ట్రలో నరేంద్ర దాభోల్కర్ ఏళ్ల తరబడి ఇలాంటి చట్టం కావాలని పోరాడాడు. 2013 ఆగస్టు 20న పుణెలో ఆయన్ను కాల్చి చంపాక ప్రభుత్వం ముందు ఆర్డినెన్సు, ఆ ఏడాది చివర చట్టం తెచ్చింది. దయ్యం వదిలిస్తానని తాళ్లతో, గొలుసులతో కట్టి కొట్టడం, ఫలానా మనిషి చేతబడి చేస్తున్నాడని ప్రచారం చేయడం అందులో నేరాలే. ఆరు నెలలనుంచి ఏడేళ్లదాకా జైలు. వీటిని కనిపెట్టి ఆపడానికి పోలీసు అధికారులను విజిలెన్స్ ఆఫీసర్లుగా నియమించే ఏర్పాటు కూడా ఉంది.

2016దాకా కరీంనగర్ జిల్లాలోనే ఉన్న కాళేశ్వరం దగ్గర గోదారి వంతెన దాటితే సిరోంచ వస్తుంది. గడ్చిరోలి జిల్లా, మహారాష్ట్ర. అక్కడి బజారులో వినిపించేది చాలావరకు మన తెలుగే. పెళ్లి సంబంధాలు, అంగడి బేరాలు వంతెనకు రెండువైపులా నడుస్తుంటాయి. సిరోంచలో ఒక ముసలమ్మను మంత్రగత్తె అని ప్రచారం చేస్తే ఆ చట్టం కింద కేసు పెట్టొచ్చు. అదే మాట కాళేశ్వరం ఒడ్డున అంటే తిట్ల కిందో, బెదిరింపు కిందో ఏదో ఒక సెక్షన్ వెతుక్కోవాలి. ఆ ముసలమ్మకు సిరోంచలో కూతురుంటే ముందే అక్కడికి పోవడం మేలు.

(వచ్చేవారం: ఎల్గందుల జిల్లా 1905లో కరీంనగర్ జిల్లా అయిన కథ)